కాదనలేని సముద్రం

ఆ ఆదివారం పొద్దున్న జోగేశ్వరరావు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కొట్టు వెనక గోడౌన్లో, తాళ్ల చుట్టల మధ్య కుర్చీ వేసుకుని, మధ్యాహ్నం భోజనం వేళ దాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం. మొగల్తూరు బజార్లో వలదారం, నైలాను తాళ్లు, వలలకి కట్టే బెండ్లు, వాటితోపాటు ఆకూవక్కా అమ్మే మనిషి అతను. వారం పొడుగునా అతని నోటి నుంచి వచ్చే మాటలన్నీ ఎదుటివాళ్లకి నచ్చడం కోసం వచ్చేవే. ఆదివారం ఒక్క పూట వాటిని ఒంట్లోంచి దిగనివ్వాలి, జ్వరాన్ని దిగనిచ్చినట్టు.

కొట్లో 'లేదు' అనే మాట వినబడకూడదని తండ్రి అతనికి చిన్నప్పుడే నేర్పాడు. సరుకైపోతే నిండుకుందనాలి. అసలెప్పుడూ తెప్పించని సరుకైతే రేపొస్తుందనాలి. 'లేదు' అన్న నోరున్న కొట్టుకి లక్ష్మి రాదు. ఆ నియమం మొదట్లో గల్లాపెట్టె దగ్గరే ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా ఇంట్లోకి వచ్చింది, తర్వాత ఒంట్లోకి వచ్చింది. యాభై దాటేసరికి అతని దగ్గర ఎవరికీ చెప్పడానికి 'లేదు' లేకుండా పోయింది. ఇన్ని 'అలాగేనండి'ల అడుగున అసలు మనిషంటూ ఒకడున్నాడా అని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. గోడౌన్లో కూర్చునేది ఆ సంగతి చూసుకోవడానికే. ఉన్నట్టే అనిపించేది. గట్టిగా మాత్రం చెప్పలేడు.

కుర్చీలో ఇంకా సరిగ్గా వాలనైనా లేదు, కూతురు పూజిత నీలంరంగు చీరొకటి చేత్తో పట్టుకుని వచ్చింది.

"నాన్నా, ఒక్క సాయం చెయ్యాలి. కాదనకూడదు."

కాదనకూడదని అతనికి చెప్పడం, చేపని ఈత మానొద్దని బతిమాలడం లాంటిది.

పూజిత రాజమండ్రిలో ఒక సంస్థలో పనిచేస్తోంది. వాతావరణం మారిపోతున్న సంగతి పల్లెల్లో జనానికి ఉపన్యాసాలతో కాకుండా ఆటలతో చెప్పడం వాళ్ల పని. తలా ఒక వేషం కట్టి, రాబోయే రోజుల్ని ఇవాళే ఒకసారి ఆడి చూసుకోవాలి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమె సొంతంగా నడిపే మొదటి ఆట ఇవాళ ఉప్పుతిప్పలో. ఆ ఊరిని సముద్రం కొద్దికొద్దిగా నములుతోంది. ఒడ్డునున్న ముందు వరసవాళ్లకి రొయ్యల చెరువుల అవతల కాలనీ కట్టారు. సామాన్లు తీసుకెళ్లడానికి రేపు ట్రాక్టర్లు వస్తున్నాయి. జనం వెళ్తామన్నారు, కానీ సగం మనసుతో అన్నారు. మిగతా సగం ఇవాళ్టి ఆటలో రావాలి. తీరా చూస్తే సముద్రం వేషం కట్టాల్సిన పాలకొల్లు నాటకాలాయనకి విరేచనాలు పట్టుకున్నాయి.

"డైలాగు ఒక్కటే నాన్నా. 'వస్తున్నాను.' బతిమాలినా అదే, తిట్టినా అదే. సముద్రం బేరాలాడదు. ఆట మొత్తానికి పాయింటు అదే. ఏదీ, ఒకసారి అనండి."

"వస్తున్నానండి."

"అండి వద్దు నాన్నా."

అతను మళ్లీ అన్నాడు. 'అండి' తీసేసరికి ఆ మాట చొక్కా లేకుండా బజార్లోకి వచ్చినట్టు అనిపించింది.

లోపల్నించి భార్య రాజరాజేశ్వరి కేకేసింది. "నేనూ వస్తున్నాను. తాంబూలాలు కడుతున్నా. ఆదివారం పూట జనాన్ని పిలిచి ఆడించి, చేతులూపుకుంటూ పంపుతారా? మర్యాద ఉండొద్దూ?"

ఉప్పుతిప్పలో తుఫాను షెల్టరు మేడమీది హాల్లో జనం అప్పటికే చాపల మీద సర్దుకున్నారు. పూజిత పై అధికారి ప్రసన్నకుమార్ ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్లో వీడియో తీస్తున్నాడు. పూజిత నేలమీద సుద్దతో గీత గీసి, అదే ఊరి ముందు వరస అంది. ఇప్పుడు 2050వ సంవత్సరం అంది. ఎవరూ ఎవరికి వాళ్లుగా ఉండకూడదనీ, చీటీలో ఎవరొస్తే వాళ్లయిపోవాలనీ చెప్పింది.

రెండు పడవలున్న బుల్లియ్యకి తాసిల్దారు వేషం వచ్చింది. వెంటనే బల్ల ఏదని అడిగాడు. ఎండుచేపలమ్మే లోవలక్ష్మికి కలెక్టరు వచ్చింది. ఆమె కుర్చీని ఫ్యాను కిందికి లాక్కుని, కాలు మీద కాలేసుకుని, ఎవరేం చెప్పినా "అర్జీ పెట్టుకోండి, పరిశీలిస్తాం" అనసాగింది. ఒకాయన దాహమేస్తోందన్నా అదే మాట. ప్రసన్నకుమార్ నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకున్నాడు. ముందు వరసలో మొదటి ఇల్లు అచ్చాయమ్మది. డెబ్బై దాటిన మనిషి. ఆమెకి వచ్చిన చీటీలో 'అచ్చాయమ్మ మునిమనవరాలు' అని ఉంది.

"అంటే ఇప్పుడు నాకు మోకాళ్ల నెప్పుల్లేవన్నమాట," అందావిడ.

"లేవు మామ్మగారూ. మీకు పద్దెనిమిదేళ్లు."

"ఆయ్. మరి లేవదీయండెవరైనా."

సముద్రం వేషం మాత్రం ఊళ్లో ఎవరూ ముట్టుకోలేదు. కారణం బుల్లియ్య చెప్పాడు. "అది మేం కట్టకూడదమ్మా. గంగమ్మ తల్లి. కట్టడం మన చేతిలో పనే గానీ, విప్పడం మన చేతుల్లో ఉండదు." అందుకే బయటి మనిషి కావాల్సొచ్చింది. నీలంచీర భుజాల చుట్టూ కప్పుకుని గోడకి ఆనుకుని నిలబడ్డ జోగేశ్వరరావు ఈ మాట విన్నాడు. చీర ఒక్కసారిగా బరువెక్కింది.

ఆట మొదలైంది. అతను గోడ దగ్గర్నుంచి సుద్దగీత వైపు అడుగులో అడుగేసుకుంటూ రావాలి. కళ్లు మూసుకుంటే తేలికని ముందే కనిపెట్టాడు. కలెక్టరు వచ్చి అర్జీ పెట్టుకోమంది. "వస్తున్నాను," అన్నాడు కళ్లు మూసుకుని. తాసిల్దారు వచ్చి రెండు రోజులు గడువడిగాడు. "వస్తున్నాను." ఈసారీ మాట బయటికొచ్చింది. పూజిత మొహం వెలుగుతున్న సంగతి కళ్లు తెరవకుండానే అతనికి తెలిసింది. ఒంట్లో ఎక్కడో, ఎన్నడూ తెరవని గదిలో, కాస్త గాలాడినట్టనిపించింది.

"సావుకారుగారూ," అందొక గొంతు.

అక్కడే కళ్లు తెరిచాడు. అదే అతను చేసిన తప్పు. ఎదురుగా ఉన్నది మునిమనవరాలు కాదు. ఎప్పుడూ కొట్టు ముందు నిలబడి వలదారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసే అచ్చాయమ్మ.

"ఏంటండీ మరీ ఇంత తొందర? మావోడింకా వేట నుంచి రాలేదు. ఇంటి మీద రేకులు దింపాలంటే మగమనిషి ఉండాలి గదండీ. కాస్త ఆగరాదూ?"

చెప్పాల్సిన మాట అతని గొంతు దాకా వచ్చి, అక్కడ తండ్రిని చూసి ఆగిపోయింది.

"మరీ ఇప్పుడే అని కాదులెండి," అన్నాడు సముద్రం.

"నాన్నా!" పూజిత పళ్లబిగువున పిలిచింది.

"దీపావళి దాకా ఆగండి. పండగెళ్లాక ఇక మీ ఇష్టం," అంది అచ్చాయమ్మ.

"అలాగేనండి."

రాజరాజేశ్వరికి ఆట సంగతేం తెలీదు. ఇద్దరూ ఒక మాట మీదకి వచ్చారు కాబట్టి కార్యక్రమం అయిపోయిందనుకుంది. పళ్లెం తెచ్చి మొగుడి చేతికిచ్చి, "ముందు పెద్దావిడకివ్వండి," అంది. రెండు ఆకులు, వక్క, అరటిపండు. అతను రెండు చేతులా ఇచ్చాడు. ఆవిడ కొంగు పట్టి పుచ్చుకుంది.

చాపల మీది జనం అంతా ఒక్కసారి లేచారు. బుల్లియ్య తాసిల్దారు వేషం అక్కడే వదిలేసి, "అయిపోయింది. మాటయిపోయింది," అన్నాడు.

ఉప్పుతిప్పలో పెళ్లి మాటైనా, పడవలో వాటా మాటైనా, అన్నదమ్ముల తగవైనా తాంబూలంతోనే తెగుతుంది. తాంబూలం చేతులు మారాక ఇక దాని మీద మాట ఉండదు. తప్పినవాడితో ఊరు పలకదు. ఇది జోగేశ్వరరావుకి తెలియని సంగతేం కాదు. ఆ ఊరి తగవులన్నిటికీ వక్కలు అమ్మింది అతనే.

మర్నాడు ట్రాక్టర్లు వచ్చినట్టే వచ్చి ఖాళీగా వెనక్కి పోయాయి. ముందు వరస జనం ఎవరూ చాప కూడా చుట్టలేదు. గడువు దీపావళి దాకా ఉందనీ, మాట పుచ్చుకున్నామనీ, కావాలంటే వీడియో ఉందనీ చెప్పారు. వీడియో నిజంగానే ఉంది. అప్పటికే అది తీరం వెంట ఉన్న ఊళ్లన్నిటి వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది. ప్రసన్నకుమార్ రాజమండ్రి నుంచి పూజితకి ఫోన్ చేశాడు. మంచి మనిషి, కేకలెయ్యడు. మెల్లగా అన్నాడు. "మీ నాన్నగారు బంగాళాఖాతాన్ని దీపావళికి వాయిదా వేశారమ్మా. మనం ఇన్నేళ్లుగా చేస్తున్న పనికి ఇది సరిగ్గా ఎదురు. సర్దిచెప్పేలా చూడండి. పై నెలలో మీ ఫైలు పెట్టాలి నేను."

జోగేశ్వరరావు స్కూటరేసుకుని ఉప్పుతిప్ప వెళ్లాడు. దారి పొడుగునా 'వస్తున్నాను' అని సాధన చేశాడు, అండి లేకుండా. అచ్చాయమ్మ కొబ్బరిబొండం కొట్టించి, పీట వేసి కూర్చోబెట్టింది. ఇంటి వెనక కెరటం విరిగిన చప్పుడుకి గోడలు సన్నగా అదిరాయి. ఆవిడ పట్టించుకోలేదు.

"అదంతా ఆటేనండి అచ్చాయమ్మగారూ. నేను సముద్రాన్నేంటండీ? కొట్టు పెట్టుకున్నవాణ్ణి."

"నాకు మాత్రం తెలీదేంటండీ, నాకేమన్నా మతి పోయిందా? మీరు సముద్రం కాకపోతే కాకపోండి. తాంబూలం తాంబూలమే గదా." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ కాలనీ చూశారా మీరు? చుట్టూ చెరువులు. అక్కణ్ణించి సముద్రం కనబడదండి. పొద్దున లేచి దాని మొహం చూడకుండా పడవ దింపుతామా? రొయ్యల మొహాలు చూసి దింపుతామా? ఏదో ఒక వంక దొరికితే చాలనుకుంటున్నాం. దేవుడిలా మీరొచ్చారు."

"అంతేనండి," అన్నాడు జోగేశ్వరరావు. అనకుండా ఉండలేకపోయాడు. ఎదుటి మనిషి బాధని విన్నప్పుడల్లా అతనిలో తనదంటూ ఉన్న కొంచెమూ పక్కకి తప్పుకుని, వాళ్లకి చోటిచ్చేస్తుంది. దయ అనుకునేవాడు దాన్ని. ఆ పీట మీద కూర్చున్నప్పుడు మొదటిసారి అది భయమేమో అనిపించింది.

చివరికి గుండె చిక్కబట్టుకుని లేచి, "వస్తున్నాను," అన్నాడు.

"మంచిదండి, వెళ్లిరండి," అంటూ ఆవిడ వీధి దాకా వచ్చి సాగనంపింది.

ఆ తర్వాత వారం నుంచి కొట్టుకి సరుకు కోసం కాని జనం రావడం మొదలైంది. పక్క పల్లె ఆడవాళ్లు లోవలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చి, "ఉప్పుతిప్పకి మాటిచ్చి మాకివ్వకపోవడం న్యాయమేనా?" అని నిలదీశారు. న్యాయం కాదని అతనే ఒప్పుకుని, వాళ్లకీ దీపావళే రాయించుకోమన్నాడు. ఒక రొయ్యల చెరువులాయన సంచీడు జామకాయలతో వచ్చి, కాలవలోకి ఉప్పునీళ్లు ఎగదన్నుతున్నాయనీ, కాస్త చూడమనీ అన్నాడు. చూస్తానన్నాడు. బుల్లియ్య వచ్చి, కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట పడి పడవలు ఆనుతున్నాయనీ, అది కాస్త తూర్పుకి జరిగితే బావుంటుందనీ అన్నాడు.

"జరుగుతుందిలెండి," అన్నాడు జోగేశ్వరరావు.

సగం మంది వేళాకోళానికి వస్తున్నారని అతనికి తెలుసు. మిగతా సగం ఎందుకొస్తున్నారో ఆలోచిస్తే దిగులేసేది. ఇన్నాళ్లూ వాళ్ల మాట వినే సముద్రమంటూ ఏదీ లేదు. అర్జీలు పెట్టుకున్న చోట్ల కూడా ఎవరూ వినలేదు. ఇప్పుడొకడు వింటున్నాడు, తల కూడా ఊపుతున్నాడు. చెయ్యగలడా లేదా అన్నది తర్వాత సంగతి. రాజరాజేశ్వరికి మాత్రం పండగలా ఉంది. ఇంటికొచ్చిన ఆడవాళ్లెవరినీ తాంబూలం లేకుండా పంపలేదు. అలా జోగేశ్వరరావు తనకి తెలియకుండానే తీరంలో సగాన్ని తన మాట మీద నిలబెట్టాడు.

శ్రావణం వచ్చింది. ఒకరోజు బుల్లియ్య సంతోషంగా కొట్లోకి వచ్చి, పందిరి కట్టుకోవడానికి తాడు కావాలన్నాడు.

"ఏం పందిరండీ?"

"ఇంటి ముందు సిమెంటు అరుగు పోయిస్తున్నానండి, సముద్రం వైపుకి. ఎలాగూ మీ మాటుంది గదా అని."

తాడు కొలుస్తున్న జోగేశ్వరరావు మూరల లెక్క తప్పాడు. ఖాళీ చెయ్యాల్సిన చోట అరుగు పోస్తున్నాడు. ఆ అరుగు మీద పిల్లలు పడుకుంటారు. ఏ తెల్లారుజామునో నీళ్లు వస్తాయి. అంతమందికీ అడ్డంగా ఉన్నది అతని నోటి నుంచి వచ్చిన ఒక్క 'అలాగేనండి' మాత్రమే. అది ఎంత పల్చటిదో లోకంలో అతనికొక్కడికే తెలుసు. అయినా, "వద్దండీ," అనలేకపోయాడు. "కాస్త గట్టి తాడు తీసుకోండి," అన్నాడు.

ఆ ఆదివారం గోడౌన్లోకి వెళ్తే అతని కుర్చీలో పూజిత కూర్చుని ఉంది. రాజమండ్రి నుంచి ఎప్పుడొచ్చిందో తెలీదు. ఏడుస్తున్నట్టు లేదు. ఏడుపు కూడా ఎవరికి ఇబ్బందోనని ఆపుకున్నట్టుంది.

"నన్ను తిట్టమ్మా," అన్నాడు.

"ఎందుకు తిడతాను? ఆ రోజు ఆట మధ్యలో ఆపెయ్యాల్సింది నేను. మీరు అలాగేనండి అన్నప్పుడే 'లేదు, ఇది తప్పు' అని లేవాల్సింది. అమ్మ పళ్లెం తెచ్చినప్పుడైనా లేవాల్సింది. లేవలేదు. అందరూ అంత సంతోషంగా ఉన్నారు కదా అని." కాళ్లకి అడ్డొచ్చిన తాడు చుట్టని పక్కకి నెట్టింది. "నిన్న ప్రసన్నకుమార్ గారు ఉప్పుతిప్ప బాధ్యత మొత్తం మీదేనమ్మా అన్నారు. నేనేమన్నానో తెలుసా? అలాగే సార్ అన్నాను. అచ్చాయమ్మగారి పెరట్లో కొబ్బరిచెట్టు మొన్న వేళ్లతో సహా పడిపోయిందట నాన్నా. తలుచుకుంటే అన్నం దిగట్లేదు."

అతను కూతురి మొహం వైపు చూశాడు. 'అలాగే సార్' అన్నప్పుడు ఆ పెదాలు ఎలా సాగుంటాయో కనబడింది. అవి తనవే. తనకంటే ముందు తన తండ్రివి. ఆ ఇంట్లో ఆస్తిగా ఏం చేతులు మారాయో ఏం మారలేదో గానీ, ఇది మాత్రం ఒక్క చుక్క ఒలక్కుండా మారింది. తర్వాత బీరువాలోంచి నీలంచీర తీసి, స్కూటరు డిక్కీలో పెట్టాడు.

"నువ్వూ రా," అన్నాడు. అంతకుముందు ఆమెనెప్పుడూ అలా పిలవలేదు. 'వస్తావేంటమ్మా, నీకు వీలైతే' అనేవాడు.

వాళ్లు వెళ్లేసరికి బుల్లియ్య అరుగు మీద సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. నీలంచీర చుట్టుకున్న షావుకారుని చూసి ఊరు ఊరంతా పోగైంది. గడువు పెంచడానికే వచ్చాడనుకున్నారు.

"సంక్రాంతి దాకా చెయ్యండి బాబూ, మళ్లీ మళ్లీ అడగం," అన్నాడొకడు.

జోగేశ్వరరావు అచ్చాయమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"నా తాంబూలం నాకిచ్చెయ్యండి."

ఎవరికీ అర్థం కాలేదు. ఇచ్చిన తాంబూలాన్ని తిరిగి అడగడమన్నది ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు, ఎవరి తాతలూ చూడలేదు. శత్రువులు కూడా అడగరు.

"ఏమన్నారూ?" అంది అచ్చాయమ్మ.

"వెనక్కిచ్చెయ్యండి. గడువు లేదు."

ఆ మాట వచ్చింది. నోట్లోంచి వచ్చినట్టు లేదు, పొట్టలోంచి ఏదో మేకు ఊడొచ్చినట్టుంది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది, ఇంకొకటి.

"దీపావళి లేదు. సంక్రాంతి లేదు. ఆ ఇసక మేట ఎక్కడికీ జరగదు. నేను చూస్తానన్నవేవీ చూడను. ఈ అరుగు ఉండదు. ఈ ఇల్లుండదు. నేనాగను."

బుల్లియ్య మీదికొచ్చాడు. "మాటిచ్చి తప్పుతావా? మనిషివేనా నువ్వు?"

"కాదు," అన్నాడు జోగేశ్వరరావు.

జనంలోంచి చెప్పొకటి లేచొచ్చి అతని పక్కనించి పోయింది. పూజిత తండ్రి పక్కకి వచ్చి నిలబడింది. అచ్చాయమ్మ చప్పుడు చెయ్యకుండా లోపలికెళ్లి, చూరులో దోపిన గుడ్డ మూట తెచ్చి విప్పింది. ఆకులు ఎండి పొడి పొడిగా ఉన్నాయి. వక్క అలాగే ఉంది. మూటని అతని దోసిట్లో కుమ్మరించి, అతని మొహం వైపు తేరిపార చూసింది.

"ఇన్నాళ్లకి సముద్రంలా ఉన్నావు," అంది. మర్యాద కూడా ఆ మూటతోనే తిరిగిచ్చేసింది.

ముందు వరస అప్పటికప్పుడు ఖాళీ అయింది. ట్రాక్టర్ల కోసం ఆగలేదు. రేకులు దింపుతూ, మంచాలు మోస్తూ, దారి పొడుగునా అతన్ని తిట్టారు. మాట మీద నిలబడని సముద్రం పక్కన కాపరం చెయ్యడానికి తామేం దిక్కులేనివాళ్లమా అన్నాడు బుల్లియ్య. ఉపన్యాసాలకి కదలనిది, ఆటకి కదలనిది, రోషానికి కదిలింది. మొయ్యడానికి బరువని రోళ్లు మాత్రం పెరళ్లలో వదిలేశారు. తర్వాత తెచ్చుకోవచ్చులే అనుకున్నారు.

ప్రసన్నకుమార్ రిపోర్టులో ఆట వల్ల ముందు వరస మొత్తం తరలిందని రాశాడు. పూజిత ఉద్యోగం పర్మనెంటయింది. ఆమె ఫోన్ చేసి చెప్పింది. "ఇంకో నాలుగూళ్లలో కూడా మిమ్మల్నే సముద్రం వెయ్యమంటున్నారు నాన్నా. రారని చెప్పేశాను. ఒక్కసారికే చెప్పేశాను."

ఆ ఒక్క 'లేదు' కోసం అతను చాలా ఇచ్చుకున్నాడు. ఉప్పుతిప్ప జనం తాడు కోసం నరసాపురం వెళ్తున్నారు. పక్క పల్లెవాళ్లు సంగతి తెలిసి, వాళ్ల తాంబూలాలు వాళ్లే తెచ్చి మెట్ల మీద పెట్టి పోయారు. రాజరాజేశ్వరి వాటిని చెత్తతో కలిపి ఊడ్చేసింది.

సముద్రం మాత్రం రాలేదు. వినాయక చవితి వెళ్లింది, దసరా వెళ్లింది, అట్లతద్ది వెళ్లింది. పళ్లెంలో పోసిన పాలలా పడుంది. కాలనీ జనం బజారుకొస్తూ పోతూ కొట్టు ముందు సైకిలాపి, "ఏం సావుకారూ, బయల్దేరావా లేదా?" అని అరిచేవారు. బుల్లియ్య అరుగు ఎండలో తెల్లగా, చెక్కు చెదరకుండా మెరుస్తోందని వాళ్లే చెప్పేవారు. జోగేశ్వరరావు రోజూ టీవీలో వాతావరణం చూసేవాడు. తుఫాను రావాలని కోరుకుంటున్నానేమోనని తన మీద తనకే అనుమానం వచ్చి, వెంటనే కట్టేసేవాడు. తను తప్పని తేలాలంటే వాళ్లంతా క్షేమంగా ఉండాలి. తను ఒప్పని తేలాలంటే వాళ్ల ఇళ్లు పోవాలి. రెంటిలో ఏది కోరుకోవాలో తెలిసేది గానీ, కోరుకోవడం ఒక్కోసారి చేతకాలేదు.

దీపావళి వెళ్లిపోయింది. ఉప్పుతిప్ప పిల్లలు ఆ ఖాళీ అరుగు మీదకే వెళ్లి మతాబులు కాల్చుకున్నారు. మర్నాటికి వాయుగుండమన్నారు. ఆ పై రోజు తెల్లారేసరికి ముందు వరస లేదు. అరుగు లేదు. పోటు వచ్చి, ఇళ్లున్న చోటు మీదుగా తీరిగ్గా వెళ్లి, తీరిగ్గా తిరిగి వెళ్లింది. మనిషి ప్రాణమన్నది ఒక్కటీ పోలేదు.

ఆ వార్త విన్నాక జోగేశ్వరరావు కొట్లో కూర్చుని ఎదురుచూశాడు. ఎవరైనా వస్తారని తెలుసు. దండం పెడితే ఏం చెయ్యాలో, 'మీ వల్లే బతికాం' అంటే ఎంత చిన్నగా నవ్వాలో, ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. 'నాదేముందండీ' అందామనుకున్నాడు.

పదింటికి ఆటో దిగి అచ్చాయమ్మ వచ్చింది. కొట్టు అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. దండం పెట్టలేదు.

"దీపావళి దాకా రానంది, రాలేదు," అంది. "పండగెళ్లాకే వచ్చింది. సముద్రం మాట మీద నిలబడిందయ్యా. నువ్వే నిలబడలేదు."

'నాదేముందండీ' అనడానికి అందులో సందు దొరకలేదు.

"అలా కాదండి, మీరక్కడే ఉండుంటే..." అని మొదలుపెట్టాడు.

"ఉండేవాళ్లమే. సంక్రాంతి దాకా చెయ్యమని అడిగేవాళ్లం, నువ్వు అలాగే అనేవాడివి. తెలుసులే." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. బజారు తన మానాన తను సాగుతోంది. "నా రోలు పోయింది. మా అత్త నాటిది. తెప్పించు."

లోకంలో ఏ కొట్లోనూ దొరకని సరుకది. ఎంతో ఖరీదిచ్చి నేర్చుకున్న మాటొకటి అతని దగ్గరుంది. దాన్ని వాడాల్సింది సరిగ్గా ఇక్కడే. నోరు తెరిచాడు.

"రేపొస్తుందండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రోలు సంగతి మళ్లీ ఎత్తలేదు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని, గల్లాపెట్టె వెనకున్న జోగేశ్వరరావు మొహాన్ని తీరిగ్గా కాసేపు చూసి, మధ్యాహ్నం ఆటోకి వెళ్లిపోయేది.

కాలనీ నుంచి సముద్రం కనబడదని ఆవిడ మొదటి నుంచీ చెబుతూనే ఉంది.